చచ్చిన చెట్ల మీద ఊరు

తెలుక్ బుంగై,
కతింగాన్ ఏటి ఒడ్డు,
2018 సెప్టెంబరు 9.

బోగోర్‌లో మట్టి చదువులు చదివిన మా అమ్మాయి వెనింగ్‌కు దెహెన్ తాత దీవించి రాయునది.

మేమంతా తింటున్నాం, తిరుగుతున్నాం. నువ్వూ, నేల లోతు కొలిచే నీ ఇనుప గొట్టమూ తుప్పు పట్టకుండా ఉన్నారని తలుస్తాను.

ముందు అసలు సంగతి. అడవి నీళ్లు లాగేసే ఆ కాలువ ఇక రాదు. ఆయిల్‌పామ్ కంపెనీవాళ్లు దాని దారిలో పాతిన ఎర్రజెండాలు వాళ్లే పీక్కుని పోయారు. మా అమ్మానాన్నల ఎముకలున్న సందుంగ్, ఆ చెక్కపెట్టె, ఎప్పటిలాగే తన స్తంభం మీద ఏటివైపు చూస్తూ నిలబడి ఉంది. ఊరంతా నీకు కృతజ్ఞతలు చెప్పమంది.

నువ్వున్న రోజులు తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటాం. అడవి కింది నల్లమన్ను ముక్కలు ముక్కలుగా తీసి, వెండికాగితంలో చుట్టి పెట్టెలో పేరుస్తుంటే మా ఆవిడ ఏమంది? ఇంత బాగా చుట్టావు, ఉప్పూ కారం మరిచిపోయావేమే పిల్లా అంది. లేదు మామ్మా, దీన్ని వట్టిగానే పొయ్యిలో ఎండబెడతాం, తూస్తాం, ఆ పైన కాల్చి చూస్తాం అన్నావు. తడిమన్నును పట్నం మోసుకెళ్లి ఎండబెట్టడమేమిటి, మా ఎండ చేదా అని నేనడిగాను. ఇది మన్ను కాదు తాతా, వేల ఏళ్ల నాటి ఆకులూ కొమ్మలూ, నీళ్లలో మునిగి ఉండి కుళ్లలేదు అన్నావు. లోతెంతో, బరువెంతో, అందులో కార్బన్ పాలెంతో తెలిస్తే ఈ అడవి కింద ఎంత దాగి ఉందో లెక్క వస్తుందన్నావు. నీళ్లు తీసేస్తే అదంతా ఎండి, నిప్పంటుకుని పొగై పోతుందన్నావు. పొగ సంగతి మాకు చెప్పక్కర్లేదు. మూడేళ్ల కిందట మాకు పట్టపగలు పక్కింటి మెట్లు కనబడలేదు.

ఇక కాలువ దారిలో ఉన్న మా సందుంగ్ దగ్గర జరిగినది. నల్లమన్ను మూడు మీటర్లు దాటితే కాలువ తవ్వకూడదని సర్కారు చట్టం. తక్కువైతే కంపెనీ ఇష్టం. నీ గొట్టం రెండు మీటర్ల దగ్గర ఠక్కున ఆగింది. నాకేమీ ఆశ్చర్యం లేదు. మా ఊళ్లో ఏ ఇంటి గుంజ దింపినా అక్కడే ఆగుతుంది. అదే నేల అడుగని మా నాన్న చెప్పాడు, ఆయనకు వాళ్ల నాన్న చెప్పాడు. అందుకే అడిగాను, నాలుగని రాయి పిల్లా, చూసేవాడెవడు అని. నువ్వు తల కూడా ఎత్తలేదు. గొట్టం చెప్పిందే రాస్తాను తాతా అన్నావు. నాకు ఒళ్లు మండింది. మా అన్నం తిని మా పెద్దల ఎముకలు కాలువలో పోయిస్తావా అన్నాను. ఈ చదువుకున్న పీనుగుకి ఇవాళ చేపముక్క వెయ్యొద్దని మా ఆవిడకి వినబడేలా అరిచాను. తిట్టడం అయిందా, అయితే ఈ చివర పట్టుకో తాతా అన్నావు. నాతో అలా మాట్లాడినవాళ్లు ఈ ఏటి మీద ఎవరూ లేరు. పట్టుకున్నాను.

అడుగు తగిలితే కొనకు బూడిదరంగు బంకమన్ను అంటాలి, దీనికి చెక్కపొట్టు అంటింది, ఇది మునిగిన దుంగ అన్నావు. పక్కకు జరిగాం, మళ్లీ దుంగ. ఇంకా జరిగాం, మళ్లీ అదే. నా నడుం విరుగుతోంది. నువ్వేమో ఇంకొక్కసారి తాతా, ఇంకొక్కసారి అంటూనే ఉన్నావు. చివరికి దిగింది. కడ్డీకి కడ్డీ బిగించినా దిగుతూనే ఉంది. లాగి చూస్తే బూడిదరంగు బంక. ఏడు మీటర్లు! అంటే మా ఇళ్లన్నీ ఇన్నాళ్లూ చచ్చిన చెట్ల మీద నిలబడ్డాయి. మా నాన్న అబద్ధం చెప్పలేదు, ఆయనకు నీ గొట్టం లేదు, అంతే.

పోయిన నెల కంపెనీ తన నిపుణుణ్ణి తెచ్చింది, నీ రాత తప్పని తేల్చడానికి. నువ్వు గుర్తు పెట్టిన చోటే దించాడు. ఏడు. పక్కన దించాడు. ఏడుకు కాస్త పైన. మూటాముల్లే సర్దుకున్నాడు. నేనడిగిన నాలుగే నువ్వు రాసి ఊరుకుని ఉంటే, అతను ఏదో దుంగకు తగిలించి రెండని చూపించి, ఈ పిల్ల రాసినదంతా అబద్ధమని కొట్టేసి ఉండేవాడు. మా సందుంగ్ ఈపాటికి నీళ్లలో ఉండేది. నా మాట విననందుకు నీకు కృతజ్ఞతలు. ఇది నేను మనుషులతో అనే మాట కాదు, దాచుకో.

పడవలో ఊరవేసిన చేప జాడీ పంపుతున్నాను. ఎవరికీ పెట్టకు, నువ్వే తిను.

ఇట్లు,
దెహెన్ తాత

తా.క.: ఊరంతా కృతజ్ఞతలు చెప్పమందని పైన రాశాను. ఎవరూ చెప్పమనలేదు. గొట్టం చెప్పిందే రాసే పిల్లకు అలాంటిది పంపబుద్ధి కాలేదు. తోటల్లో కూలి పోయిందని సగం ఊరు నిన్ను తిడుతోంది. లోతు మన్నని తేలింది కాబట్టి ఇక అడవి తగలబెట్టి వరి వేసుకోనివ్వరని మిగతా సగం. నా తమ్ముడి కొడుకు ఉంటింగ్ కంపెనీ పని కోసం బూట్లు కూడా కొనుక్కున్నాడు. ఇప్పుడు మా ఇంటి ముందు నుంచి మొహం తిప్పుకుని పడవ వేసుకుపోతాడు. ఆ పెట్టెలో ఉన్నది వాడి తాతా నాయనమ్మలేనని చెప్పి చెప్పి ఊరుకున్నాను. నువ్వు మళ్లీ వచ్చినప్పుడు ఊరి రేవులో దిగకు. తిన్నగా మా మెట్లకే పడవ కట్టు. ఎవడేమంటాడో నేను చూసుకుంటాను.