గ్లాసు మీది చెంచా

రిజే నుంచి

అక్కా, నేను క్షేమమే, టీవీ చూసి కంగారుపడకు. వానలకు కొండచరియ విరిగి, నేను నడిపే టీ తోటల పత్రికకు ఫోటోలు తీసే నెవ్జాత్ పోయాడు. ఏడాదిగా నాకూ రాత సాగడం లేదు, ఇక పత్రిక మూసేద్దామనుకుంటూనే వాళ్లింటికి పరామర్శకు వెళ్లాను. వాళ్లమ్మ టీ పోస్తూనే ఉంది. ఇక చాలని గ్లాసు మీద చెంచా అడ్డంగా పెట్టాను. ఆవిడ చెంచా తీసేసి మళ్లీ నింపింది.

"చాలని వాడనలేదు. నువ్వెవరే అనడానికి?" అంది.

ఇన్నాళ్లూ మొరాయించిన రాత ఇంటికి రాగానే వచ్చింది.

అమ్మ మోకాలు ఎలా ఉంది? చలికాలానికి బొగ్గు దింపించారా? నా ఉన్ని శాలువా పంపు. అమ్మ చేతులకు, పిల్లల కళ్లకు ముద్దులు.

ఈసారి పత్రిక అట్ట మీద నెవ్జాత్ ఆఖరున పంపిన కొండ ఫోటో వేస్తున్నాను. మర్నాడు వాడి మీద కూలింది ఆ కొండే.

నీ చెల్లెలు
షుకూఫె