మూలపురుషులు ఇద్దరు

ఆళ్లగడ్డ, జనవరి 20

చిరంజీవి మద్దిలేటికి ఓబులేసు దీవెనలు ముందుగా, చీవాట్లు తర్వాత.

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఫోన్ చేస్తే సరిపోయేది. కానీ నువ్వు స్పీకర్ పెడతావు, మీ ఇంటిల్లిపాదీ వింటారు, తిట్టడానికి వీలుండదు.

మా మనవరాలు సుప్రజకూ మీ అబ్బాయి కిరణ్‌కూ ఫిబ్రవరి రెండున తాంబూలాలు అనుకున్నాం. ముహూర్తం రాసి పంపమంటే, దాంతోపాటు సొంత ఖర్చుతో అచ్చేయించిన ‘దశావతారాలే జీవపరిణామం’ అనే పుస్తకం కూడా పంపావు. సైన్సు అయ్యవారివి, రిటైరైనావు, నంద్యాలలో పొద్దుపోదు. అర్థం చేసుకోగలను. నా బడి నాలుగో తరగతితోనే ఆగింది గానీ, పొట్లం కాగితాలన్నీ చదివి పెరిగినవాణ్ణి. ఒకసారి బెల్లం పొట్లంలో ఖగోళశాస్త్రం సగం దొరికింది. మిగతా సగం కోసం మళ్లీ బెల్లం కొంటే వంటల పుస్తకం వచ్చింది.

సరే. ముందు చేప, తర్వాత తాబేలు, పంది, సింహం మనిషి అన్నావు. తాబేలు కొండను మోస్తుంటే చుట్టూ దేవతలూ రాక్షసులూ పామును పట్టుకుని లాగుతున్నారే, వాళ్లు నీ వరసలో ఏ జంతువులప్పా? అహోబిలం సామికి డెబ్బై ఏళ్లుగా దండం పెడుతున్నాను. ఆయన నన్ను ఎన్నడూ సైన్సు సర్టిఫికెట్ అడగలేదు. నువ్వెందుకు తెచ్చిచ్చావు?

ఇట్లు,
ఓబులేసు

తా.క.: పుస్తకం వెనక నీ ఫోటో బాగుంది. ఏ అవతారం?

నంద్యాల, జనవరి 23

పూజ్యులైన ఓబులేసు మామగారికి మద్దిలేటి నమస్కారములు.

విజ్ఞానానికీ భక్తికీ వారధి కట్టేవాడి మీద రాళ్లు పడటం మామూలే. మా రిటైర్డ్ టీచర్ల మీటింగులో నా ప్రసంగానికి నలుగురు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అందులో ఒకరు డాక్టరు.

దేవతలూ రాక్షసులూ ప్రతీకలు మామా. మీకు తేలిగ్గా చెబుతాను. చెట్టుకూ పురుగుకూ, మీకూ మాకూ, అందరికీ మూలపురుషుడు ఒక్కడే. సముద్రంలో పుట్టిన ఒక్క కణం. ఆయనే నారాయణుడు. మీ వంశమూ మా వంశమూ అక్కడినుంచి వచ్చినవే. ఈ మాట ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

మీ విధేయుడు,
మద్దిలేటి

తా.క.: ఆయన పశువుల డాక్టరని ఎవరైనా చెబితే నమ్మండి. అయినా డాక్టరే.

ఆళ్లగడ్డ, జనవరి 26

మద్దిలేటికి,

చదివి వినిపించాను. అనుభవించు.

మా ఇంటామె ఉమామహేశ్వరమ్మ తాంబూలాలకు వక్కలు ఏరుతోంది. మూలపురుషుడు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

“ఏందీ? మళ్లా చదువు.”

చదివాను.

“వాళ్లకూ మనకూ మూలపురుషుడు ఒక్కడేనా? అయితే ఒకే గోత్రం గదా! అన్నాచెల్లెండ్లకు పెండ్లి చేస్తాండారా మీరు?”

“ఆ మూలం వేరేలేవే. కోట్ల ఏండ్ల కిందటిది.”

“ఎన్నేండ్లయితే ఏంది? గోత్రానికి తుప్పు పడతాదా?”

దీనికి జవాబు నీ పుస్తకంలో వెతికాను, దొరకలేదు. ఆమె తాంబూలాల పళ్లెం తీసి అటక మీద బోర్లించింది. మూలపురుషుడు ఒక్కడు కాదని నువ్వు రాసిస్తేనే దించుతుందట.

ఓబులేసు

తా.క.: నిన్న మీవాడు ఫోన్ చేస్తే ఆమే ఎత్తి, “మీ చెల్లెలు ఇంట్లో లేదు నాయనా” అంది.

నంద్యాల, జనవరి 28

మామగారికి నమస్కారములు.

కొంప ముంచారు. కిరణ్ రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు.

లోతుగా పరిశీలించిన మీదట తెలియజేయునదేమనగా, మూలపురుషులు ఇద్దరు. ఒకే సముద్రం, వేరువేరు కణాలు, పరస్పరం ఏ బంధుత్వమూ లేదు. ఇది శాస్త్రసమ్మతం. అత్తగారికి నా సంతకం చూపించండి.

మద్దిలేటి

తా.క.: ఒక కణం తూర్పున, ఒకటి పడమర. తూర్పుది మీరే ఉంచుకోండి, పెద్దవాళ్లు.

ఆళ్లగడ్డ, ఫిబ్రవరి 3

మద్దిలేటికి,

నీ సంతకం చూసి ఉమామహేశ్వరమ్మ పళ్లెం దించింది. అంతలో కాగితం సుప్రజ చేతిలో పడింది. ఆమె జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుందని నీకు తెలుసు. పొద్దున సామికి దీపం పెట్టి పోతుంది, పది గంటలకు ఆ ఒక్క కణం పాఠమే చెబుతుంది. ఇన్నేళ్లలో ఆ రెండూ ఆమె దగ్గర కొట్లాడుకున్నది లేదు.

“తాతా, ఈయప్ప దేవుని కోసం సైన్సును వంచె. ఇప్పుడు పెండ్లి కోసం దేవుణ్ణీ సైన్సునూ ఇద్దర్నీ వంచె. రేపు ఆ ఇంట్లో నేను యాడ నిలబడాల?” అంటూ పళ్లెం మళ్లీ అటకెక్కించింది.

తాంబూలాలు లేవని నీకు ఫోన్ చేశాను కదా. అయినా నిన్న మీవాడు ఒక్కడే బస్సు దిగాడు, చంకలో నువ్వు పంచమన్న పుస్తకాల కట్టతో. సరిగ్గా అప్పుడే పారువేట ఉత్సవానికి ఊళ్లు తిరుగుతున్న అహోబిలం సామి పల్లకి మా వీధిలో దించారు. తన పెండ్లికి తానే ఊరూరా తిరిగి పిలుచుకునే దేవుడు! నీ పుస్తకంలో దీనికి ఏ జంతువునూ చూపలేదు.

సుప్రజ గడపలోనే అడిగింది. “మూలపురుషులు ఎంతమంది?”

“ఒక్కడే,” అన్నాడు మీవాడు, ఉమామహేశ్వరమ్మ ముందరే.

“మరి గోత్రం?” అంది మా ఇంటామె.

“అవ్వా, ఆ సామి చెంచుల పిల్లను చేసుకున్నప్పుడు మూలం ఎవరడిగినారు?”

ఉమామహేశ్వరమ్మ పల్లకి వైపు చూసింది. చెంపలు వేసుకుంది. సుప్రజ నవ్వు ఆపుకుంటూ పోయి తానే పళ్లెం దించింది.

తాంబూలాలు పుచ్చుకున్నాం. నీ బదులు పక్కింటి దావీదు సారును కూర్చోబెట్టాం. ఆయనకు ఆదాము తప్ప వేరే మూలపురుషుడు లేడు. నీ రెండో మూలపురుషుడి సంగతి చెబితే ఆయనా ఒప్పుకోలేదు. పెండ్లికి నువ్వు రావచ్చు.

ఓబులేసు

తా.క.: పల్లకి ముందు పంచే బొరుగులకు కాగితాలు చాలక నీ పుస్తకాలు విప్పి పొట్లాలు కట్టాం. నాకు తాబేలు పేజీ వచ్చింది. బొరుగులు తిని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.