గట్టవతల పత్తి కట్టె

చెల్లీ రెబెకా, పత్తి తీత అవగానే కట్టె పీకేస్తానని నాన్న సమాధి దగ్గర తమ్ముడు మార్క్ నాకు మాటిచ్చి పదకొండేళ్లయింది. ఒక్క ఏడూ పీకలేదు. ఎండుకాయల్లో దాక్కున్న గులాబీ పురుగు ఏటా గట్టు దాటి నా చేలోకి వచ్చేది. వ్యవసాయ పత్రిక చదివి వినిపిస్తే, “పురుగు నీ పుస్తకాలు చదవదులే అన్నయ్యా” అన్నాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు.

వాడు పోయిన మూడు నెలలకు, నిన్న, నేనే వాడి చేలో దిగాను. విత్తేలోపు ఆ కట్టె పీకి కాల్చకపోతే ఈసారి వాడి భార్య స్తుతి పంటా దక్కదు. స్తుతి గట్టు మీద నిలబడి, “ఆయన ఉండగా ఒక్కసారి ఈ గట్టు దాటలేకపోయారా బావగారూ?” అంది. వంగి పీకుతూనే ఉన్నాను. ఇంకా అరెకరం ఉంది. నడుం సహకరించడం లేదు.

ఆదివారం ఒకసారి రా. స్తుతి చేను కౌలుకిచ్చి పుట్టింటికి పోతానంటోంది, నువ్వు చెబితే ఆగుతుంది. వచ్చేటప్పుడు చీరాల తువ్వాళ్లు రెండు తీసుకురా. నీ మోకాలు ఎలా ఉంది? బావగారి మగ్గం నడుస్తోందా? పిల్లలకు ఇమ్మానియేలు మామయ్య దీవెనలు చెప్పు.

తమ్ముణ్ణి క్షమించమని రాశావు. కట్టె సంగతి నిన్నటితో వదిలేశాను. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు నాకంటే ముందు వెళ్లిపోయాడు. దానికి మాత్రం నేను ఇప్పటికీ తప్పు పట్టేది మార్క్‌నే.