గాజుపీచు మీద కుట్టు

చిట్టితల్లికి అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే ఇప్పుడు నేనూ మీ నాన్నా. మీ పెద్దమ్మ పోయి రేపటికి నెల. అలవాటు చొప్పున అందరం అని రాసేశాను, బాధపడకు.

అడిగినవాటికి జవాబులు. నా మోకాలి నొప్పి పెరగలేదు, అదే పదివేలు. కళ్ళజోడు పెట్టుకునే రాస్తున్నాను. మీ నాన్న మాత్ర వేసుకున్నానంటారు, నేను నమ్మను, రేకు తీసి చూస్తాను. నువ్వు బస్సులో కిటికీ పక్కన కూర్చోకు. చలిగాలి చెవిలోకి పోతుంది. నవ్వుతావని తెలుసు, అయినా రాస్తున్నాను.

పెద్దమ్మ గది ఇంకా ఖాళీ చెయ్యలేదు. పైన రేకులు, కింద బస్సుల రోడ్డు. ఆ మోతంతా మింగేసి గొంతు ఒక్కటే మైకుకి అందాలని పాటలు రికార్డు చెయ్యడానికొచ్చిన నువ్వు ఆమె మంచం చుట్టూ నీ ఆరు పలకలూ నిలబెట్టిన రోజే కళ్ళలో మెదులుతోంది. నన్నేమైనా ఓటు వెయ్యమంటారా, ఇలా చుట్టూ అట్టలు కట్టారు అని పాట మొదలెట్టకముందే అందరినీ నవ్వించింది.

ఆ పాటలు రేకుడబ్బాలో పాడినట్టు కంగుమంటున్నాయని రాశావు. పలకలు కట్టడం నీకు చేతకాలేదనీ, నీ చెవి మొద్దుబారిందనీ, ఈ పని మానేసి కుర్చీలో కూర్చునే ఉద్యోగం చూసుకుంటాననీ రాశావు. మన పక్కవీధి వయొలిన్ తాతగారికి కూడా, రికార్డింగుకి వేరేవాళ్ళని చూసుకోమని చెప్పేశావట. మొదటి ఉత్తరంలోనూ, ఈ ఉత్తరంలోనూ ఒకటే అడిగావు, పలకల మీద ఏం గుడ్డ వేశావమ్మా అని. నువ్వు చెప్పిందే అని అప్పుడు రాసి ఊరుకున్నాను.

గుడ్డ నువ్వు చెప్పిందే. గాలి దూరాలన్నావని కొట్లోనే నోటికి పెట్టుకుని ఊది చూశాను. కొట్టాయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. అయితే చట్రాలు తెచ్చిన వడ్రంగి, లోపలుంది గాజుపీచు, ముట్టుకోకండి, చేతులు దురద పెడతాయి అన్నాడు. చేతులే దురద పెడితే అక్క ఊపిరితిత్తుల గతేమిటి? అసలే దగ్గు మనిషి. నీతో అంటే కసురుకుంటావని, గుడ్డ కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి కుట్టేశాను. ఆరింటికీ. పీచు బయటికి రాకూడదనే చూశాను గానీ, పాట ఆ పీచు లోపలికి పోవాలన్న సంగతి, లేకపోతే ప్లాస్టిక్‌కి తగిలి తిరిగొచ్చి కంగుమంటుందన్న సంగతి నాకు తట్టలేదు తల్లీ.

అది ఒక్కటే అయితే ఎప్పుడో చెప్పేదాన్ని. నీ మొదటి ఉత్తరం వచ్చాక అక్క పంతొమ్మిది రోజులు బతికింది. చదవగానే ఇది నా ప్లాస్టిక్ పనే అనిపించి, వెళ్ళి అక్కకి చెప్పాను. "నా పాటకి వానకోటు తొడిగావన్నమాట" అని దగ్గు వచ్చేదాకా నవ్వింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "దానికి రాసెయ్యవే. లేకపోతే అది తన చెవినే అనుమానిస్తుంది. వస్తే మళ్ళీ పాడతాను" అంది.

రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకున్నాను. నువ్వేమంటావోనని భయం. ఈలోగా ఆమె వెళ్ళిపోయింది. నువ్వొచ్చి నా ఒళ్ళో తలపెట్టుకుని, సరిగ్గా ఒక్క పాటైనా పట్టుకోలేకపోయానని ఏడ్చినప్పుడు కూడా నా నోరు పెగల్లేదు. ప్లాస్టిక్ తెలియక వేశాను. ఊరుకోవడం మాత్రం తెలిసే ఊరుకున్నాను.

నీ చెవిలో ఏ లోపమూ లేదు. డబ్బాలో ఉన్నట్టుందని మొదటిసారి వినగానే పట్టేశావు కదా.

ఆరు పలకలూ విప్పి, ప్లాస్టిక్ తీసేసి, వడ్రంగిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ కుట్టాను. నిన్న వయొలిన్ తాతగారింటికి వెళ్ళాను. చెయ్యి వణుకు ఎక్కువైంది ఆయనకి. మీ అమ్మాయి మానేసిందటగా అన్నారు. లేదండీ, ఆదివారం వస్తుంది అని చెప్పేశాను. నిన్నడక్కుండా చేసిన పనుల్లో ఇది రెండోది. నాతో మాట్లాడకపోయినా సరే, ఆయన కోసం రా.

ఇట్లు,
నీ దగ్గర నోరు విప్పలేకపోయిన
అమ్మ