సున్నా సంవత్సరం కూడా చదువేనని

విద్యార్థుల నమోదు అధికారి గారికి,
హార్‌మీర్ యూనివర్సిటీ.

అయ్యా,

విషయం: బిజినెస్ కంప్యూటింగ్ మొదటి సంవత్సరంలో నా సీటు రద్దు చేయవద్దని.

పార్సిల్ గోదాము కార్మికురాలు, తమ విద్యార్థిని అయిన శానన్ హోలిన్‌షెడ్ మనవి చేసుకొనునది:

1. స్కూలు చివరి పరీక్షలు తప్పినదాన్ని. గోదాములో సరుకు లెక్కల కంప్యూటర్‌ను గెలికి గెలికి సొంతంగా పని నేర్చుకున్నాను. అది చూసే తమరు డిగ్రీకి ముందు ఏడాదిపాటు చదివించే ఫౌండేషన్ ఇయర్‌లో చేర్చుకున్నారు. అది పాసయ్యాను. మార్కుల కాగితం జతపరచడమైనది.

2. ఫౌండేషన్‌కు తమ రికార్డుల్లో పేరు ‘సున్నా సంవత్సరం’. మొదటి ఏడాదికి నమోదయ్యేటప్పుడు ‘పూర్తి చేసిన సంవత్సరం’ అనే గడి నింపాలి. సున్నా కొడితే తమ కంప్యూటర్ ఆ గడిని ఖాళీ అనుకుంటోంది. నేనేమీ చదవలేదని తేల్చి, శుక్రవారం సాయంత్రం సీటు రద్దవుతుందని నోటీసు పంపింది.

3. కౌంటర్లో ఉండే గ్లెనిస్ గారిని అడిగాను.

"ఒకటి వేస్తే రెండో ఏడాదిలో పడతావు బంగారం. సున్నా వేస్తే ఎక్కడా పడవు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"నన్నడిగితే ఏం చెప్పను తల్లీ? ఆ గడి నా చేతిలో లేదు. పైవాళ్ళకి రాయి."

రాశాను. నాలుగుసార్లు రాశాను. జవాబు మాత్రం కంప్యూటరే ఇస్తోంది.

4. ఖాళీ గడి వేరు, సున్నా ఉన్న గడి వేరు అని మొదటి నెలలోనే మాకు చెప్పారు. పరీక్షలో నేను రెండూ ఒకటే అనుకుంటే మార్కులు కోశారు. నోరు మూసుకుని ఒప్పుకున్నాను. మీ కంప్యూటర్‌కి ఎవరు కోస్తారు?

5. ఈ ఫౌండేషన్ మీ దగ్గర తప్ప ఇంకెక్కడా చెల్లదు. తరగతుల కోసం గోదాములో పర్మినెంటు షిఫ్టు వదులుకుని, దొరికిన పూట పనికి వెళ్తున్నాను. సూపర్‌వైజర్ టెర్రీ నిన్న, "ఏమ్మా పండితురాలా, ఏడాదంతా చదివి గుండు సున్నా తెచ్చుకున్నావా?" అని అందరి ముందూ నవ్వాడు. తర్వాత పక్కకి పిలిచి, "పాత షిఫ్టు ఖాళీగానే ఉంది. శనివారం నీ పేరు రాసుకోమంటావా? ఆపైన ఆపలేను పిల్లా" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. అదే నా భయం. సరే అన్నానంటే అక్కడే ఉండిపోతాను. ఇంకోసారి ధైర్యం చేసే మనిషిని కాను, నా సంగతి నాకు తెలుసు.

కావున పై సంగతులు దయతో చిత్తగించి, మనిషి చేతితో ఆ ఒక్క గడి సరిచేయించవలెనని వేడుకొనుచున్నాను.

ఇంకా తమ విద్యార్థినినే అయిన
విధేయురాలు,
శానన్ హోలిన్‌షెడ్

తా.క.: సంతకం పెడుతుండగా మీ ఆఫీసు నుంచి ఫోనుకి సర్వే వచ్చింది. ‘మమ్మల్ని వదిలి ఎందుకు వెళ్ళారు? ఒక కారణం ఎంచుకోండి’ అట. నేనెక్కడికీ వెళ్ళలేదండీ. కింద మీ మెట్ల మీదే కూర్చుని రాస్తున్నాను. ఒక్కసారి కిందికి దిగి రండి.