నిద్రించాడన్న మాట

ఆదివారం రాత్రి, నంద్యాల

మధ్యాహ్నం ఆళ్లగడ్డ వెళ్లి, అత్తను చూసి వచ్చాను. మామను సమాధి చేసినప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. ఆ రోజు పాస్టరుగారు "మన సహోదరుడు ప్రభువునందు నిద్రించాడు" అన్నారు. ఆ మాటే ఆమెను పట్టుకుంది.

"నిద్రపోయినోడు లేస్తాడు గదప్పా. మీ మామ లేయకపాయె. నాకు కండ్లు మూయాలంటేనే భయమైతాంది. కాలేజీలో మనసు గురించి పాఠాలు చెప్తాండావ్ గదా, నువ్వన్నా చెప్పు, పండుకుంటే నేను లేస్తానా?"

దుఃఖం గురించి క్లాసులో గంటసేపు మాట్లాడతాను. ఆమెతో మాత్రం "పండుకో అత్తా, నేనే లేపుతా" అన్నాను.

ఆమె నిద్రపోయింది. ఊపిరి ఆడుతోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం లేపితే లేచింది. లేచి, "మీ మామను గూడా ఇట్లా ఒగసారి లేపి చూడకపోతిమి" అని ఏడ్చింది.

ఇప్పుడు లైటు ఆర్పాలంటే చెయ్యి రావడం లేదు. గదిలో నేనొక్కణ్ణే...