రెండో నమూనా

రూవి, మస్కట్.

అమ్మా,

నీ కాళ్ళకు మొక్కి నీ చిన్నబిడ్డ సునీత రాస్తున్నది. ఇక్కడ నేనూ, నీ అల్లుడు సురేందర్ బాగానే ఉన్నాం. అక్కడ కోరుట్లలో నువ్వూ, అన్నావదినలూ, పిల్లలూ చల్లగా ఉన్నారనుకుంటున్నాను. ఈ ఉత్తరం సెలవు మీద వస్తున్న భూమయ్య కాక చేతికి ఇస్తున్నాను. ఇంట్లో ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నువ్వు పంపిన మామిడి తొక్కు అందింది. నూనె కొంచెం కారి, తెచ్చినాయన చొక్కాలకు అంటింది, పాపం ఏమీ అనలేదు. ఈ ఎండల్లో మధ్యాహ్నం పూట సైట్‌లో పని ఆపేస్తారు కాబట్టి నీ అల్లుడికి వడదెబ్బ తగులుతుందని దిగులు పడకు. రెండు వారాలకోసారి దుక్మ్‌లోని ఆ సైట్ నుంచి ఇంటికి వచ్చి పోతున్నాడు. ఇక, "నీ కొలువేందో ఎవలన్న అడిగితే నాకు చెప్పస్తలేదు బిడ్డా, సూదులేస్తవా, రాతపనా?" అని రాశావు. సూదులు వేయడం ఎప్పుడో మానేశాను. గర్భిణులనూ, పిల్లలు కావాలనుకునేవాళ్ళనూ, ఇప్పుడే వద్దనుకునేవాళ్ళనూ చూసే డాక్టర్లకూ నర్సులకూ పాఠాలు తయారుచేసి పంపే సంస్థ మాది. ఏ పాఠంలో ఏముండాలి, ఏ బొమ్మ పెట్టాలి, ఎవరి గొంతుతో చెప్పించాలి, ఏ ఊరి క్లినిక్‌కు పంపాలి, వాళ్ళ సందేహాలకు ఎవరు జవాబివ్వాలి, అదంతా చూసుకునేది నేను. దూరపు ఊళ్ళకు వెళ్ళి నేర్పి వస్తాను కూడా.

ఆ పనిలోనే ఈ మధ్య ఒకటి జరిగింది.

కడుపు మీద చిన్న మిషన్ ఆనించి బిడ్డ గుండె చప్పుడు వింటారు, నీకు తెలుసు. ఒక్కోసారి తల్లి నాడే వినిపిస్తుంది. అది బిడ్డదే అనుకుంటే లోపల బిడ్డ ఆపదలో ఉన్నా అంతా బాగుందని ఇంటికి పంపేస్తారు. అందుకని రెండు నమూనాలతో ఒక పాఠం చేశాం. మొదటిదాంట్లో బిడ్డ గుండె. రెండోదాంట్లో కడుపుతో లేని మనిషి నాడి. రెండోదానికి ఎవరూ దొరకలేదు. నాతోపాటు పనిచేసే కడప అమ్మాయి అఫ్రీన్, "నువ్వే పండుకో అక్కా, రెండు నిమిషాల పని" అంది. ఆఫీసు బల్ల మీద పడుకున్నాను. రికార్డు చేశాం. దాని కింద 'బిడ్డ లేదు' అని నేనే రాశాను.

పాఠం వెళ్ళాక సూర్ అనే ఊరి నుంచి ఒక నర్సు రాసింది: "రెండోదాంట్లో బిడ్డ ఉంది." నమూనాలు తారుమారయ్యాయేమోనని విన్నాను. నా నాడి తప్ప ఏమీ లేదు. అఫ్రీన్‌కూ అంతే. తర్వాత బురైమీ నుంచి ఇంకో నర్సు అదే మాట రాసింది. ఆ ఇద్దరికీ ఒకరి మొహం ఒకరికి తెలియదు. వందలమంది విని ఊరుకున్న పాఠం అది. చివరికి ఇబ్రి నుంచి డాక్టర్ ఇరమ్ రాసింది: "ఆ తల్లి ఇప్పుడెక్కడుంది? వెంటనే పిలిపించి చూపించండి. చప్పుడు బలహీనంగా ఉంది."

చదివి ఫోను బోర్లా పెట్టేశాను. మా మేనేజరు ముఖీత్ సాబ్ "ఎవరిదా రికార్డింగు?" అని అడిగితే, "ఎవరో ఒకావిడ, పేరు రాసుకోలేదు" అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. అఫ్రీన్ నా వైపు చూసి తల దించుకుంది.

ఆ పాఠం వెనక్కి తీసుకుని, అఫ్రీన్‌ను పడుకోబెట్టి కొత్త నమూనా చేసి పంపాం. ఎవరూ ఏమీ అనలేదు. అక్కడితో పోవాల్సింది. పోలేదమ్మా.

రూవిలో మధ్యాహ్నం దుకాణాలన్నీ షట్టర్లు దించేస్తారు. వీధి మొత్తం మనుషులు వదిలేసి పోయినట్టుంటుంది. ఎండ తెల్లగా గోడల మీద నిలబడి ఉంటుంది. అలాంటి వేళ ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చుని పాత నమూనా మళ్ళీ మళ్ళీ పెట్టుకునేదాన్ని. ఏమీ వినపడేది కాదు. ఆపేశాక మాత్రం ఏదో ఉన్నట్టుండేది. ఏసీ మోతలో, నీళ్ళ పైపులో, నేను మెట్లు దిగుతుంటే నా వెనక. చిన్నగా, తొందరతొందరగా. నిలబడితే నిలబడేది. నడిస్తే నడిచేది.

ఒకరోజు అఫ్రీన్ అన్నం తిని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"మిషన్ ఆపలేదా అక్కా?"

మిషన్ అల్మారాలో ఉంది, బ్యాటరీ తీసేసి.

"నీకేం వినిపించింది?" అన్నాను.

"ఏం ల్యాదులే అక్కా" అంటూ లోపలికి రాకుండానే దిగిపోయింది.

పని ఉందని చెప్పి ఇబ్రి వెళ్ళాను. డాక్టర్ ఇరమ్ హైదరాబాదు ఆవిడ, నీకన్నా కొంచెం చిన్న. మధ్యాహ్నం నమాజు అయ్యాక, రోగులెవరూ లేని వేళ, తలుపు వేసి ఆ పాత నమూనా పెట్టి, నా చెవులకు ఒక జత, తన చెవులకు ఒక జత హెడ్‌ఫోన్లు తగిలించింది. ఒక చేత్తో నా మణికట్టు పట్టుకుని, ఇంకో చేతి వేలితో బల్ల మీద కొట్టసాగింది. అది నా నాడి కాదు. అంతకు రెండింతల వేగం. ఆ వేలి వెంటే పోయి పోయి, అమ్మా, విన్నాను. నా నాడి వెనకాల, గోడకు అవతల ఎవరో పరుగెత్తుతున్నట్టు.

"ఎవలిదమ్మా ఇది?" అంది.

"నాదే, డాక్టరమ్మా."

వేలు ఆగిపోయింది. రికార్డు చేశాక ఒంట్లో ఎట్లా ఉండిందని అడిగింది. పాఠం ఇంకా పంపకముందే ఒక వారం విపరీతంగా రక్తం పోయింది. నెలల తరబడి తప్పి ఎప్పుడో రావడం నాకు మామూలే కదా, అదే అనుకుని గోళీలు వేసుకుని డ్యూటీకి పోయాను. ఆవిడ నన్ను పడుకోబెట్టి స్కాన్ చేసి, తెర నా వైపు తిప్పింది. ఖాళీ.

"ఉండె, సునీతా" అంది. "ఇప్పుడు లేదు."

నీ ఉత్తరాల్లో చివరి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏమన్న విశేషమా బిడ్డా?" అన్నిటికీ జవాబు రాసి దాన్ని వదిలేస్తుంటాను. ఈసారి రాస్తున్నాను. విశేషం ఉండిందమ్మా. నాకే తెలియలేదు. ఎక్కడెక్కడివాళ్ళకో వినపడింది, నాకు వినపడలేదు. అందరికీ వినడం నేర్పే కొలువు నాది. ఫోనులో చెబుదామంటే నీ చెవులకు గట్టిగా అరవాలి. ఈ మాట అరిచి చెప్పలేను.

నీ అల్లుడు వచ్చినప్పుడు ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్లు ఇచ్చాను. "ఏమున్నదిండ్ల? గుయ్యిమంటున్నది" అన్నాడు. కానీ చాయ్ గ్లాసు మీద అతని వేలు కొడుతూనే ఉంది, సరిగ్గా ఆ వేగంతో. అతనికి ఆ ధ్యాసే లేదు. అప్పుడు చెప్పాను. గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, "ఇంకోపారి పెట్టు" అన్నాడు.

ముఖీత్ సాబ్‌కు కూడా నిజం చెప్పాను. "చెరిపేద్దామా?" అని మెల్లగా అడిగాడు. వద్దన్నాను. పాత నమూనాను తిరిగి పాఠంలో పెట్టి, 'బిడ్డ లేదు' అన్నది కొట్టేసి, "ఇందులో ఇద్దరున్నారు. తల్లికి తెలియదు. వినపడేదాకా వినండి" అని రాసి అన్ని ఊళ్ళకూ పంపాను.

ఆ రోజంతా జవాబులు వస్తూనే ఉన్నాయి. సలాలా నుంచి, నిజ్వా నుంచి, మబేలాలోని చిన్న క్లినిక్ నుంచి. అందరిదీ ఒకటే మాట. విన్నాం. విన్నాను. విన్నాను. అప్పటి నుంచి మెట్ల మీద నా వెనక ఏ చప్పుడూ లేదు. అది లేకపోవడం ఇంకా భయంగా ఉంది.

సాయంత్రం ఖసబ్ నుంచి ఒక నర్సు, కొత్తగా చేరినట్టుంది, రాసింది: "విన్నాను మేడం. తల్లీబిడ్డా క్షేమమేనా?"

ఆ మాటనే చూస్తూ కూర్చుని, కూర్చుని, జవాబు పంపాను.

"తల్లి క్షేమం."

ఇట్లు,
నీ చిన్నబిడ్డ
సునీత